ముంగిటి గరిక – దాని ఋతుచర్య

ఇంటి ముంగిట పచ్చిక యుండుట కన్నులకు చలువ, పాదములకు సుఖము, పసివారికి ఆటస్థలము. మన దెగ్లూరులో సయితము క్రొత్తగా ఇండ్లు కట్టుకొనువారిలో కొందరు వాకిట కొంత జాగా విడిచి గడ్డి పెంచుచున్నారు. వారి నోట తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "వానకాలమంతయు బాగుగనే యుండినది, ఎండలు ముదిరిన తోడనే చచ్చిపోయినది." అట్లని తలచి కొందరు దానిని పెకలించివైచి సిమెంటు పలకలు పఱపింతురు. మఱికొందరు దానిని బ్రతికింపవలెనని బోరునీటిని దినదినము పాఱింతురు. ఈ రెండును అనవసరమైన పనులే. మన నేలకు తగిన గడ్డి వేసవిలో చావదు, నిద్రించును. దాని నిద్రకును మెలకువకును నియతమైన కాలములు కలవు. ఆ కాలములను గుర్తెఱిగి మెలగినచో పచ్చిక ఏండ్ల తరబడి నిలుచును. త్రాగునీటికి లోటు రాదు. ఆరోగ్యమును కాపాడుకొనుటకు వైద్యశాస్త్రము మనుష్యులకు ఋతుచర్యను చెప్పినట్లే గరికకును ఒక ఋతుచర్య కలదు. దానిని వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

గరిక యెట్టిది?

మనము గరిక యనుదానిని మరాఠీవారు హరళీ యనియు, కన్నడిగులు గరికె యనియు, హిందీవారు దూబ్ అనియు అందురు. సంస్కృతమున దీనికి దూర్వ యని పేరు. వృక్షశాస్త్రజ్ఞులు సైనొడాన్ డాక్టిలాన్ అని వ్యవహరింతురు. మూడు రాష్ట్రముల పొలిమేరలు చేరువగానున్న మన తాలూకాలో ఈ పేర్లన్నియు చెవిని బడుచునే యుండును. పేర్లెన్ని యైనను గడ్డి యొక్కటే. వినాయక చవితినాడు మన యిండ్లలోని పత్రిపూజకును, మరాఠీవారి గణపతికి అర్పించు ఇరువదియొక్క దూర్వలకును ఒకే గట్టుమీది గరికను కోసికొని వత్తుము.

ఈ గడ్డికి రెండు విధములైన కాండములు కలవు. ఒకటి నేలమీద ప్రాకును. దాని ప్రతి కణుపు వద్దను క్రిందికి వేళ్ళును, మీదికి చిగుళ్ళును పుట్టును. రెండవది నేలలోపలనే ప్రాకును. ఇది తెల్లగా, బిరుసుగా, కొన మొనదేలి యుండును. చూచువారు దీనిని వేరని భ్రమింతురు. కాని దీనికిని కణుపులు కలవు గనుక ఇది కాండమే. ఆకులు ఎండలో తయారుచేసిన ఆహారములో కొంత భాగము పిండిపదార్థముగా మాఱి ఈ కాండములలో నిలువయుండును. వేసవిలో నేల యెండినప్పుడు గరిక తన ఆకులను విడిచి, ఈ నిలువమీద ప్రాణము నిలుపుకొనును. వాన పడినంతనే ఆ నిలువనుండియే క్రొత్త చిగుళ్ళు వెడలును. కణుపు కణుపునుండి మొలకెత్తు ఈ గుణమునే వైదిక ఋషులు గమనించి దూర్వను స్తుతించిరి.

కావున గరికకు జీవస్థానము ఆకు కాదు, కణుపు. ఈ యొక్క విషయము తెలిసినచో తక్కిన పోషణమంతయు దానినుండియే బోధపడును.

విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. మే మాసములో పూర్తిగా ఎండినట్లు కనబడు గరికనుండి అరచేతి వెడల్పు గడ్డను మట్టితో కూడ త్రవ్వితీసి, పాత కుండపెంకులో నుంచి, కొంచెము నీడపట్టున దినదినము నీరు చిలుకరింపుడు. రమారమి రెండు వారములలోపల కణుపుల వద్ద ఆకుపచ్చని మొనలు కానవచ్చును. అంత ఓపిక లేనివారు నేలలోని కాండము నొకదానిని గోటితో గీచి చూడవచ్చును. లోపల తెల్లగా, తేమగా నున్నచో ప్రాణమున్నది. గోధుమవన్నెగా మాఱి పుల్లవలె పుటుక్కున విఱిగినచో ఆ కాండము చచ్చినది.

ఇతర దేశముల పద్ధతి మనకేల పొసగదు?

ముంగిట గడ్డిని నున్నగా కోసి యుంచు వాడుక మనకు ముఖ్యముగా ఆంగ్లేయులనుండి వచ్చినది. గడ్డి కోయు యంత్రమును 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అను నాతడు ఇంగ్లండులో కల్పించెను. ఆ దేశపు గడ్డిజాతులు చలిని కోరును. అక్కడి వానయు సంవత్సరమంతయు కొంచెము కొంచెముగా కురియును. లండను నగరములో సాలీనా కురియు వాన దాదాపు 600 మిల్లీమీటర్లు మాత్రమే. మన నాందేడు జిల్లాలో సగటున ఇంచుమించు 900 మిల్లీమీటర్లు కురియును. మన వాన వారికంటె ఎక్కువయే! కాని అందులో చాల భాగము మృగశిర మొదలు హస్త వఱకు గల నాలుగు మాసములలోనే కురిసిపోవును. తక్కిన ఎనిమిది మాసములు దాదాపుగా వట్టివి. ఎల్లకాలము పచ్చగా నుండు పచ్చిక ఆ దేశపు మబ్బుల ఫలము. మన మబ్బుల ఫలము వేఱు. మన గరిక నాలుగైదు మాసములు ముమ్మరముగా పెరుగును. కొన్ని మాసములు మందగించును. రెండు మూడు మాసములు నిద్రించును. ఇది దాని లోపము కాదు, ధర్మము.

గరిక ఉష్ణదేశపు గడ్డి. పగటి వేడిమి 27 మొదలు 35 డిగ్రీల వఱకు ఉండి, నేలలో తేమయు, రోజుకు ఆఱేడు గంటల ఎండయు ఉన్నచో చక్కగా పెరుగును. రాత్రులు 15 డిగ్రీల దిగువకు చల్లబడినచో దాని పెరుగుదల తగ్గును. దట్టమైన నీడను ఇది సహింపదు. వేపచెట్టు క్రింద గరిక పలుచబడిపోవుటకు కారణము నీటికొఱత యొక్కటియే కాదు, ఎండలేమి ముఖ్యకారణము. అట్టిచోట మాటిమాటికి గరిక నాటి శ్రమపడుటకంటె, చెట్టు మొదట ఒక అరుగు కట్టుకొనుట మేలు.

నేలను సిద్ధపఱచుట

మన ప్రాంతపు నేల చాలవఱకు నల్లరేగడి. అది తడిసిన ఉబ్బును; ఎండిన కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. నీటిని చాలకాలము పట్టియుంచుట దాని గుణము. ఒకసారి నానిన పిదప నీటిని తొందరగా లోపలికి పోనీయకుండుట దాని దోషము. నీరు నిలిచినచోట వేళ్ళకు గాలి యాడక గరిక కుళ్ళును. ఆ కారణమున పచ్చికకు జాగా తీయునప్పుడు ఇంటి గోడనుండి వెలుపలికి పది మీటర్లకు పది సెంటీమీటర్ల చొప్పున వాలు ఉంచవలెను.

రేగడి బిగువు తగ్గుటకై కొందరు రెండు గంపల ఇసుక చల్లి కలుపుదురు. కొంచెము ఇసుక కలిపినందువలన రేగడి గుల్లబాఱదు, పైగా బిరుసెక్కును. దానికి తగిన మందు చివికిన పశువుల ఎరువు. చదరపు మీటరుకు నాలుగైదు కిలోల చొప్పున వేసి పైమట్టిలో బాగుగా కలుపవలెను. పచ్చిపేడ వేసినచో చెదలు చేరును, కలుపువిత్తనములును మొలచును.

నాటదలచినవారు వేసవిలోనే నేలను ఒక అడుగు లోతున త్రవ్వి, పెళ్ళలను ఎండకు వదలవలెను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని పెద్దలందురు. రోళ్ళు పగులగొట్టు ఆ ఎండ తుంగగడ్డలను మాత్రము విడుచునా? పైకి తేలిన గడ్డలు ఎండి చచ్చును. మిగిలినవానిని చేతితో ఏఱివేయవలెను. నాటిన పిదప గరిక నడుమనుండి తుంగను తీయుట కష్టము. నాటకముందు తీయుట సులభము.

వర్షాకాలము: నాటుటకును పెంచుటకును

జూన్ 7, 8 తేదీల ప్రాంతమున మృగశిర ప్రవేశించును. మృగశిర కురిసిన ముసలియెద్దు సయితము రంకె వేయునని సామెత. గరిక విషయములోను ఇది నిజము. నేల జానెడు లోతు తడిసిన పిదప నాటుట ప్రారంభింపవచ్చును. ఆరుద్ర, పునర్వసు కార్తెలు కూడ అనువైనవే.

నాటు పద్ధతులు రెండు. మొదటిది: రెండు మూడు కణుపులున్న తీగముక్కలను జానెడు ఎడముకు మించకుండ నాటి, ఒక కణుపు మట్టిలోను ఒకటి పైనను ఉండునట్లు అదుముట. రెండవది: గరికతీగలను బెత్తెడు ముక్కలుగా నఱికి, పేడయు మెత్తని మట్టియు నీటితో కలిపిన ముద్దలో వేసి, తడినేలమీద అంగుళము మందమున పూయుట. రెండవ పద్ధతి మన ఇల్లాండ్రకు క్రొత్త కాదు. అలుకుట తెలిసిన చేతులకు ఇది సులువు. నాటిన తరువాత ఆఱు లేక ఎనిమిది వారములు త్రొక్కరాదు. తీగ యెక్కడనుండి తేవలెనన్న ప్రశ్న లేదు. పొలముగట్లమీదను, లెండీ నది ఒడ్డునను కావలసినంత దొఱకును. అమ్మకమునకు వచ్చు చాపచుట్టల గడ్డి చూచుటకు అందముగా నుండును గాని, త్రొక్కుడుకు గాయపడిన చోట మరల పూడుకొను వేగములో వానిలో పెక్కు గరికకు సరిరావు. పిల్లలు ఆడుకొను ముంగిలికి గరికయే తగును.

కోతకు ఒక సూత్రము కలదు. ఏ కోతలోను ఆకు పొడవులో మూడవవంతుకు మించి కోయరాదు. నాలుగు సెంటీమీటర్ల ఎత్తున ఉంచదలచినచో ఆఱు సెంటీమీటర్లకు పెరిగినప్పుడు కోయవలెను. వానకాలములో ఇది వారము పది దినముల కొకసారి వచ్చును. నెలరోజులు విడిచి ఒక్కసారిగా నేలమట్టమునకు గొఱిగినచో ఆకు లేక ఆహారము తయారు కాదు; కాండములలోని నిలువ ఖర్చగును; వేసవికి మిగులదు. వేసవిలో చచ్చిన గరికలో కొంత నిజముగా వానకాలములోనే, కొడవలి చేతనే, చావునకు సిద్ధమైనదని తెలియవలెను. కొడవలియైనను యంత్రమైనను పదునుగా నుండవలెను; మొండి అంచు ఆకును కోయదు, చీల్చును. తడిగడ్డిని కోయరాదు. పొట్టి తుంపులను అచ్చటనే విడిచినచో అవి చివికి నత్రజనిని తిరిగి నేలకిచ్చును. పొడుగు గడ్డిని మాత్రము ఊడ్చి పశువులకు వేయవచ్చును. మందు చల్లిన గడ్డిని పశువులకు వేయరాదు.

ఎరువు విషయములో మితము ముఖ్యము. జూలైలో ఒకసారి, సెప్టెంబరు మొదట ఒకసారి, చదరపు మీటరుకు 10 గ్రాములు మించకుండ యూరియా చాలును. ఆకు పొడిగా నున్నప్పుడు చల్లి వెంటనే తడుపవలెను. కుంభవృష్టికి ముందు చల్లినది గరికకు అందదు. కాలువకును బావికిని పోవును. చివికిన ఎరువును పలుచగా చల్లువారికి యూరియా అందులో సగము చాలును.

ఈ కాలపు శత్రువులు రెండు. ఒకటి వేరుపురుగు, మరాఠీరైతులు దీనిని హుమణీ యందురు. తొలివానలకు మట్టినుండి వెడలిన పెంకుపురుగులు సందెవేళ వేపచెట్లమీదను తుమ్మచెట్లమీదను మూగును. పిదప అవి నేలలో గ్రుడ్లు పెట్టగా, వానినుండి పుట్టిన తెల్లని వంకరపురుగులు గరికవేళ్ళను కొఱికివేయును. వాన కురియుచుండగనే పచ్చిక మచ్చలు మచ్చలుగా పసుపుబాఱి, పట్టి లాగినచో చాపవలె చుట్టుకొని లేచివచ్చినచో కారణ మిదియే. జూన్ మాసపు సందెలలో కొమ్మలను దులిపి, రాలిన పెంకుపురుగులను కిరసనాయిలు కలిపిన నీటిలో వేయుట తేలికయైన నివారణము. ఒక ఇంటివారు చేసిన చాలదు. వీథివారందరును కూడి చేయవలెను.

రెండవ శత్రువు వయ్యారిభామ. మరాఠీలో గాజర్ గవత్. అమెరికా ఖండమునుండి వచ్చిన ఈ కలుపు 1950ల నడుమ పుణె వద్ద గుర్తింపబడి, నేడు దేశమంతట వ్యాపించినది. దీని స్పర్శ వలనను పుప్పొడి వలనను కొందరికి దురదయు ఉబ్బసమును కలుగును. పూయక ముందే, చేతులకు తొడుగులు ధరించి, తడినేలలో వేరుతో పెఱికివేయవలెను. ఒత్తుగా పెరిగిన గరిక నడుమ దీని విత్తనమునకు మొలచుటకు చోటు దొఱకదు. గరికను ఆరోగ్యముగా నుంచుటయే కలుపునకు మంచి మందు.

శరత్తు: వేసవికి కూడబెట్టు కాలము

హస్త, చిత్త కార్తెలు, అనగా సెప్టెంబరు కడపటినుండి అక్టోబరు మూడవ వారము వఱకు, గరికకు ముఖ్యమైన కాలము. ఎండ యుండును, నేలలో తేమ యుండును, మబ్బులు తొలగును. రానున్న వేసవికి కావలసిన ఆహారమును గరిక ఇప్పుడు కాండములలో దాచుకొనును. కావున దసరా తరువాత యూరియా వేయరాదు. వేసినచో దాచుకొనుటకు మాఱుగా లేతాకును తొడుగును. కోత ఎత్తును అర సెంటీమీటరు పెంచవలెను. వానలో త్రొక్కుడుపడి గట్టిపడిన చోట్ల, నేల పదునుమీద నున్నప్పుడు గడ్డపారతో జానెడేసి దూరమున రంధ్రములు పొడిచి, వానిలో చివికిన ఎరువును ఊడ్చినచో వేళ్ళకు గాలి యాడును.

కొందరు బలమునకని పొయ్యి బూడిదను చల్లుదురు. ఎఱ్ఱనేలలకు అది మేలు చేయునేమో గాని, సున్నపుగుణము గల మన నల్లరేగడికి తగదు. క్షారము ఎక్కువైన నేలలో ఇనుము ఉన్నను వేళ్ళకు అందదు. అప్పుడు క్రొత్త ఆకులు ఈనెలు పచ్చగా నుండి నడుమ పసుపుబాఱును. ఇది నీటికొఱత కాదు, ఎంత నీరు పోసినను తీఱదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కలిపి సాయంసమయమున ఆకులపై చల్లినచో కొలదిదినములలో పచ్చదనము వచ్చును. అన్నభేది మరక అరుగులకును గోడలకును అంటకుండ చూచుకొనవలెను.

శీతకాలము: మందగించు కాలము

నవంబరునుండి ఫిబ్రవరి వఱకు గరిక మెల్లగా పెరుగును. రాత్రి చలికి వన్నె కొంత తగ్గుట సహజము. పది పదునైదు దినముల కొక తడి చాలును. ఆ తడి పైపైన చిలుకరింపు కాక, జానెడు లోతునకు దిగునట్లు ఉండవలెను. దినదినము కొంచెము నీరు చిలుకరించినచో వేళ్ళు తేమ యున్నచోటనే, అనగా పైపొరలోనే, నిలిచిపోవును. వేసవిలో మొదట ఎండునది ఆ పైపొరయే. లోతుగా తడిపి, చాల దినములు ఎడమిచ్చినచో వేళ్ళు తేమను వెదకుచు లోతునకు దిగును. ఎప్పుడు తడుపవలెనో గరికయే తెలుపును. త్రొక్కి నడచిన పిదప అడుగుజాడలోని ఆకులు తిరిగి లేవక పడియున్నచో తడి కావలసియున్నదని గుర్తు.

సంక్రాంతినాటికి ముంగిట ముగ్గులకు చోటు కావలయును. గడప ముందు కల్లాపి చల్లి ముగ్గు పెట్టుటకు కొంత మట్టినేల విడిచిన పిదపనే పచ్చిక వేయుట మంచిది. పచ్చిక ఎంత చిన్నదైన పోషణ అంత సులభమను లాభమును కలదు.

వేసవి: నిద్రాకాలము

మార్చి నడుమనుండి గరికను నిద్రకు సిద్ధపఱుపవలెను. ఒక్కసారిగా నీరు మానరాదు. వారమునకు, తరువాత పది దినములకు, తరువాత రెండు వారములకు ఎడము పెంచుకొనుచు పోవలెను. ఆకును ఐదు సెంటీమీటర్లవఱకు పెరుగనిచ్చినచో అది నేలకు నీడయగును. ఏప్రిల్ వచ్చుసరికి కోత, ఎరువు రెండును మానవలెను. అటుపిమ్మట మూడు వారముల కొకసారి 12 మిల్లీమీటర్ల నీరు, తెల్లవాఱుజామున, ఇచ్చినచో కణుపులు ప్రాణముతో నుండును. ఆకు పచ్చబడదు. పచ్చబడవలెనని కోరనురాదు. ఆ నీరు నిద్రించువాని గొంతు తడుపుటకే గాని మేలుకొలుపుటకు గాదు.

నల్లరేగడి నెఱ్ఱెలు విచ్చినప్పుడు వేళ్ళు తెగును, తేమయు ఆవిరియగును. చివికిన ఎరువును పొడిమట్టితో కలిపి ఆ నెఱ్ఱెలను పూడ్చవలెను. నిద్రించుచున్న గరికను ఎక్కువగా త్రొక్కరాదు. ఆకు విఱిగినచో తిరిగి వేయుటకు దానికి అప్పుడు శక్తి లేదు. పెళ్ళిపందిళ్ళు వేయుట, బండ్లు నిలుపుట వంటి పనులకు వేఱు చోటు చూచుకొనవలెను. ఎండిన ఆకునకు నిప్పు పెట్టుట ఏ మాత్రమును తగదు.

పాతాకును గీకి దువ్వి తీసివేయుటకు తోటపని పుస్తకములలో కొన్ని వసంతకాలమును చెప్పును. అది పిదప పుష్కలముగా నీరు పెట్టగలవారికి చెప్పిన మాట. నీటి యెద్దడి గల మన యూరిలో ఆ పనిని రోహిణి కడపటి దినముల వఱకు ఆపి, మబ్బులు కమ్మిన పిదప చేయవలెను. అప్పుడు ఎండినదంతయు పొట్టిగా కోసి, దంతెతో దువ్వి, పలుచగా ఎరువు చల్లినచో మృగశిర వానకు ముంగిలి తిరిగి పచ్చబడును.

నీటి లెక్క

మన విద్యార్థులకు ఒక చిన్న లెక్క. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరు నిలిచిన అది ఒక లీటరు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల పచ్చికను మే మాసములో పచ్చగా నుంచవలెనన్న దినమునకు ఇంచుమించు 5 మిల్లీమీటర్లు, అనగా 500 లీటర్ల నీరు కావలెను. 2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన జలజీవన పథకములో గ్రామీణునకు దినమునకు 55 లీటర్లు కొలతగా నిర్ణయింపబడినది. అనగా ఆ పచ్చిక తొమ్మిదిమంది నీటిని త్రాగుచున్నది. అదే పచ్చికను నిద్రింపనిచ్చి మూడు వారముల కొకసారి 1,200 లీటర్లు మాత్రమే యిచ్చినచో దినమునకు 57 లీటర్లు పడును. ఇంచుమించు ఒక్క మనుష్యుని భాగము. తొమ్మిదిమంది భాగమునకును ఒక్కని భాగమునకును గల భేదము కేవలము ఆకు రంగులోనిది. గరిక రెండు విధములను బ్రతుకును.

ఈ లెక్క వట్టి లెక్క కాదు. 2016 ఏప్రిల్‌లో మన పొరుగు జిల్లాయగు లాతూరునకు మిరజ్ నుండి రైలులో త్రాగునీరు తేవలసివచ్చెను. మొదటి బండి పది ట్యాంకులలో ఇంచుమించు 5 లక్షల లీటర్లు తెచ్చెను. పైన చెప్పిన కొలత గల పది పచ్చికలను వేసవి నూఱుదినములు పచ్చగా నుంచుటకు పట్టు నీరును సరిగా 5 లక్షల లీటర్లే! ఒక రైలుబండి నీటిని పది వాకిళ్ళు త్రాగివేయగలవన్నమాట. ఆ మాసములోనే బొంబాయి హైకోర్టు ఆటస్థలములకు వాడు నీటిని గూర్చి విచారించి, ఏప్రిల్ 30 తరువాతి ఐ.పి.ఎల్. క్రికెట్ పందెములను మహారాష్ట్రము వెలుపలికి మార్పవలసినదని ఆజ్ఞాపించెను. గడ్డికి పోయు నీరు గృహస్థుని సొంతవిషయము మాత్రమే కాదని దీనివలన తెలియుచున్నది. భూగర్భజలమునకు కంచె లేదు. ఒక బోరు ఎక్కువ తోడినచో ప్రక్కవారి బావి అడుగంటును.

వంటింట బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీటిని పచ్చికకు పోయవచ్చును. సబ్బునీటిని మాత్రము దినదినము పోయరాదు. అందలి సోడా రేగడిని మఱింత బిగించి నీరింకనీయదు. నూఱు చదరపు మీటర్ల మిద్దెపై 900 మిల్లీమీటర్ల వాన కురిసిన అది 90,000 లీటర్లు. అందులో ఏ కొంతయైనను గుంట త్రవ్వి నేలలోనికి ఇంకించినవాడు, వేసవిలో గరికకు పోయు కొలది నీటిని ఋణము లేకుండ వాడుకొన్నట్లగును.

ఋతుచర్య యొక్కచో

ఇంతవఱకు చెప్పినదానిని గుర్తుంచుకొనుటకు వీలుగా సంగ్రహించుచున్నాను. మృగశిరలో నాటవలెను. శ్రావణ భాద్రపదములలో తఱచుగా, పొడవులో మూడవవంతు మించకుండ కోయవలెను. దసరాకు యూరియా ముగింపవలెను. శీతకాలమున లోతుగా, అరుదుగా తడుపవలెను. వేసవిలో నిద్రింపనీయవలెను. రోహిణి చివర దువ్వి, వానకై వేచియుండవలెను.

ఏప్రిల్, మే మాసములలో వాకిలి గోధుమవన్నె నున్నదని ఇల్లాలును సిగ్గుపడనక్కఱలేదు, ఇంటాయనను పొరుగువారు నిందింపనక్కఱలేదు. అది అశ్రద్ధకు గుర్తు కాదు. కాలమెఱిగిన గృహస్థుని ముంగిలికి గుర్తు. విద్యార్థులారా! రానున్న వేసవి సెలవులలో మీ ఇంటనో పొరుగింటనో ఎండిన గరికను పెకలింపబూనినచో, గడ్డపార వేయకముందు ఒక కణుపును గోటితో గీచి చూపుడు. లోపల తెలుపు కనబడినచో ఆ పనిని ఆఱు వారములు ఆపుమని పెద్దలను వినయముతో వేడుడు. ఆ ఆఱు వారముల తరువాత చెప్పవలసిన సమాధానమును మృగశిరయే చెప్పును.